ప్లేటు నిండినా మెర్లిన్ మీద ఫాస్ఫేట్ ఎందుకు ఊడలేదు? ష్వాన్ కణాల్లో ట్యూమర్ సప్రెసర్ల అదుపు గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎలుక సయాటిక్ నరం నుంచి తీసిన ష్వాన్ కణాలు (నరాల తీగలను చుట్టి అండగా ఉండే కణాలు) ప్లేటంతా నిండాక, కణితులు రాకుండా ఆపే మెర్లిన్ ప్రోటీన్ (ఇలాంటి వాటినే ట్యూమర్ సప్రెసర్లు అంటారు) మీద 518వ అమైనో ఆమ్లమైన సెరీన్ దగ్గరున్న ఫాస్ఫేట్ ఊడిపోవాలని చదివారు. మీ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో విడదీసి యాంటీబాడీతో చూసే పరీక్షలో) అది ఊడలేదు. మొత్తం మెర్లిన్ మాత్రం బాగానే కనిపిస్తోంది. అంటే ఈ కణాల్లో మెర్లిన్ పాడైందా, అసలు నరాలకు అండగా ఉండే కణాలు తమ ట్యూమర్ సప్రెసర్లను ఎలా అదుపులో పెట్టుకుంటాయి అన్నది మీ సందేహం.

ముందు టెన్షన్ తగ్గించే మాట చెప్తాను. ఆ ఒక్క బ్లాట్ చూసి మెర్లిన్ పాడైందని అనలేం. మీ మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) ఫోర్‌స్కోలిన్ అనే రసాయనం, న్యూరెగ్యులిన్ అనే పెరుగుదల సంకేత ప్రోటీన్ ఉన్నాయా? ప్లేటుకు లామినిన్ అనే ఆధార పొర ప్రోటీన్ పూశారా? ష్వాన్ కణాలు పెంచేవాళ్లు దాదాపు అందరూ ఈ మూడూ వాడతారు కాబట్టి మీరూ వాడే ఉంటారు. ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ 518వ సెరీన్ మీద ఫాస్ఫేట్ పెట్టించేదే. చోటు లేదని పక్క కణాలు ఒకవైపు చెప్తున్నా, మీరు పోసిన మీడియం పెరగమని చెప్తూనే ఉంది. లైసిస్ బఫర్‌లో తేడా లేకపోతే (దాని సంగతి కింద చెప్తాను), మీ బ్లాట్‌లో పడింది ఆ మీడియం ప్రభావమే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ.

కణాలు కిక్కిరిస్తే మెర్లిన్ ఫాస్ఫేట్ ఊడి చురుకవుతుందన్న సూత్రం తప్పు కాదు. 1998 నుంచి 2001 మధ్య వచ్చిన పనుల్లో అది స్పష్టంగా కనిపించింది. కానీ ఆ పని చాలావరకు ఫైబ్రోబ్లాస్టులు అనే బంధన కణజాల కణాల్లో, ఎలుక ష్వానోమా (ష్వాన్ కణాల కణితి) నుంచి వచ్చిన ఆర్‌టీ4 లాంటి కణ వంశాల్లో జరిగింది. ఆ కణాలు ఫోర్‌స్కోలిన్ లేకుండానే పెరుగుతాయి. మామూలు ష్వాన్ కణం అలా పెరగదు. ఫైబ్రోబ్లాస్టులో సైక్లిక్ ఏఎంపీ (కణం లోపల కబురు మోసే చిన్న అణువు, ఫోర్‌స్కోలిన్ పెంచేది దీన్నే) పెరిగితే సాధారణంగా విభజన తగ్గుతుంది. ష్వాన్ కణంలో న్యూరెగ్యులిన్ తోడుంటే అదే సైక్లిక్ ఏఎంపీ విభజనను పెంచుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే మీ ఫలితంలో సగం వింత పోతుంది. మిగతా సగం కోసం మెర్లిన్‌ను కొంచెం దగ్గర్నుంచి చూడాలి.

మెర్లిన్ తయారీకి సూచనలిచ్చే ఎన్‌ఎఫ్2 జన్యువు మనిషిలో 22వ క్రోమోజోమ్ పొడుగు చెయ్యి మీద ఉంది. 1993లో రెండు బృందాలు విడివిడిగా దీన్ని పట్టుకున్నాయి. ఒకరు ప్రోటీన్‌కు మెర్లిన్ అని, మరొకరు ష్వానోమిన్ అని పేరు పెట్టారు. పాత పేపర్లు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి, లేకపోతే ష్వాన్ కణాల మీద జరిగిన మంచి పని చాలా తప్పిపోతుంది. ముఖ్యమైన రూపం 595 అమైనో ఆమ్లాలది. జన్యువులోని 16వ ముక్క (ఎక్సాన్) కలిసొచ్చిన రెండో రూపం 590 దగ్గర ఆగుతుంది, దాని తోక వేరుగా ఉంటుంది. ముందు భాగంలో ఫెర్మ్ డొమైన్, మధ్యలో పొడుగాటి హెలిక్స్, చివర్లో తోక. ఎజ్రిన్, రాడిక్సిన్, మోయిసిన్‌ల కుటుంబమే ఇది. ఆ ముగ్గురికీ తోకలో కణాస్థిపంజరపు ఆక్టిన్‌ను పట్టుకునే చోటు ఉంటుంది. మెర్లిన్ తోకలో అది లేదు.

ఇక 518వ సెరీన్. ఇది తోక భాగంలోనే ఉంది. దీని మీద ఫాస్ఫేట్ పెట్టే ఎంజైములు (కైనేజులు) రెండు: ఒకటి ప్యాక్, రెండోది పీకేఏ. ప్యాక్ పని చేస్తుందని 2002లో తేలింది, పీకేఏ సంగతి 2004లో. ప్యాక్‌ను నిద్రలేపేవి రాక్, సీడీసీ42 అనే చిన్న స్విచ్ ప్రోటీన్లు (జీటీపేజులు). కణం దేన్నైనా పట్టుకుని ముందుకు సాగుతున్నప్పుడు, పెరుగుదల సంకేతం అందుకున్నప్పుడు అవి చురుకవుతాయి. పీకేఏను నిద్రలేపేది సైక్లిక్ ఏఎంపీ. ఫోర్‌స్కోలిన్ చేసే పనే సైక్లిక్ ఏఎంపీని పెంచడం. కాబట్టి మీ ప్లేటులో పీకేఏ దారి రోజంతా తెరిచే ఉంది.

ష్వాన్ కణాల్లో ప్రత్యేకంగా తేలిన విషయం ఇంకొకటి ఉంది. మెర్లిన్ ఈ కణాల్లో పాక్సిలిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. పాక్సిలిన్ ద్వారా కణపొర దగ్గరికి చేరి, బీటా1 ఇంటెగ్రిన్, ఎర్బ్‌బీ2 గ్రాహకాలున్న చోటే కూర్చుంటుంది. ఇది 2002లో వచ్చింది. ఆ తర్వాత 2008లో, లామినిన్ బీటా1 ఇంటెగ్రిన్‌కు తగిలితే సీడీసీ42, ప్యాక్ మీదుగా 518వ సెరీన్ మీద ఫాస్ఫేట్ పడుతుందని ష్వాన్ కణాల్లోనే చూపించారు. న్యూరెగ్యులిన్ ఎర్బ్‌బీ2, ఎర్బ్‌బీ3 జంటకు తగిలితే పీకేఏ దారిలో అదే సెరీన్ మీద ఫాస్ఫేట్ పడుతుంది. అంటే ష్వాన్ కణం ఒక చేత్తో ఆధార పొరను, మరో చేత్తో న్యూరెగ్యులిన్ చూపే ఆక్సాన్‌ను (నరకణపు పొడుగాటి తీగను) పట్టుకుని ఉంటే, ఆ రెండు చేతుల కబురూ మెర్లిన్ తోకలోని ఒకే అమైనో ఆమ్లం దగ్గర కలుస్తోంది. అందుకే నాకు ఈ ప్రోటీన్ అంటే అంత ఇష్టం. ఇంత పెద్ద నిర్ణయానికి ఇంత చిన్న చోటు సరిపోవడం ఎప్పుడు తల్చుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఫాస్ఫేట్ తీసేసేది ఫాస్ఫటేజ్. మెర్లిన్ విషయంలో అది ఎంవైపీటీ1 ఉప భాగంతో కూడిన పీపీ1. దీన్ని సీపీఐ-17 అనే నిరోధకం ఆపేయగలదు. 2006లో వచ్చిన పని ప్రకారం కొన్ని కణితుల్లో ఎన్‌ఎఫ్2 జన్యువు బాగానే ఉండి కూడా, సీపీఐ-17 ఎక్కువైపోయి మెర్లిన్ పనిచేయని స్థితిలో ఇరుక్కుపోతుంది. జన్యు పరీక్షలో తేడా ఏమీ దొరక్కపోవచ్చు, బ్లాట్‌లో మొత్తం మెర్లిన్ నిండుగా కనిపించవచ్చు, అయినా సప్రెసర్ పని జరగకపోవచ్చు. మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే: ష్వాన్ కణంలో మెర్లిన్ ఎంత ఉందన్న ప్రశ్న కన్నా, ఏ స్థితిలో ఉంది, కణంలో ఎక్కడ ఉంది అన్న ప్రశ్నలు ముందు అడగాలి.

మెర్లిన్‌కూ ప్యాక్‌కూ ఉన్న బంధం ఒకవైపు నడిచేది కాదు. ఫాస్ఫేట్ లేని మెర్లిన్ వెళ్లి ప్యాక్1ను రాక్ తగిలే చోటే పట్టుకుని, దాన్ని చురుకవనివ్వదు. రాక్ కణపొరకు చేరడాన్ని కూడా తగ్గిస్తుంది. ప్యాక్ ఎలాగోలా గెలిచి మెర్లిన్ మీద ఫాస్ఫేట్ పెట్టిందంటే, ఆ మెర్లిన్ ప్యాక్‌ను వదిలేస్తుంది. దాంతో ప్యాక్ ఇంకా పెరుగుతుంది, ఇంకాస్త మెర్లిన్ మీద ఫాస్ఫేట్ పడుతుంది. ఇలాంటి చక్రంలో మధ్యస్థ స్థితి ఎక్కువసేపు నిలవదు, కణం అటో ఇటో ఒరిగిపోతుంది. అందుకే మీడియంలో చిన్న మార్పుకే బ్లాట్‌లో పెద్ద తేడా కనిపిస్తుంది. ఒకే గదిలో ఇద్దరు చేసిన ఒకే ప్రయోగం వేర్వేరు ఫలితాలివ్వడానికి కూడా ఇదొక కారణం.

ఫాస్ఫేట్ పడితే మెర్లిన్ ఆకారంలో ఏం మారుతుంది అన్న దగ్గర మీరు రెండు రకాల బొమ్మలు చూస్తారు, కంగారు పడొద్దు. పాత బొమ్మలో తోక వచ్చి ఫెర్మ్ డొమైన్ మీద మడుచుకున్న మూసిన రూపం చురుకైనది, ఫాస్ఫేట్ పడితే తెరుచుకుని పనిచేయదు. ఎజ్రిన్ కుటుంబాన్ని చూసి, అక్కడ తెరిచిన రూపం చురుకైనది కాబట్టి ఇక్కడ తిరగబడి ఉంటుందని అలా ఊహించారు. 2012లో వచ్చిన పని దీన్ని తలకిందులు చేసింది. కణితిని ఆపే గుణం తెరుచుకున్న మెర్లిన్‌కే ఎక్కువని, 518 మీద ఫాస్ఫేట్ పడితే అది మరింత మూసుకుంటుందని చూపించింది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన కొలతలు అసలు ఆకారంలో మార్పు మనం అనుకున్నంత పెద్దది కాదన్నాయి. తర్వాతి పనుల్లో కణపొరలోని పీఐపీ2 అనే లిపిడ్, యాంజియోమోటిన్ అనే ప్రోటీన్ మెర్లిన్‌ను తెరుస్తాయని, అలా తెరుచుకున్నప్పుడే లాట్స్ కైనేజ్ దానికి తగులుతుందని తేలింది. నా మట్టుకు నేను రెండో పక్షమే. తెరిచిందా మూసిందా అన్నది ఒక స్విచ్ లాగా కాక, ఎంత తెరుచుకుంది, ఎవరితో ఉంది అన్నట్టు చూడటం మంచిది. మీ థీసిస్‌లో పాత బొమ్మ ఒక్కటే పెడితే మాత్రం ఎవరైనా పరీక్షకుడు తప్పకుండా పట్టుకుంటారు.

చురుకైన మెర్లిన్ నిజంగా చేసే పనుల్లో మూడింటి గురించి చెప్తాను.

ష్వాన్ కణానికి అన్నిటికన్నా దగ్గరైనది గ్రాహకాల అదుపు. కణాలు కిక్కిరిసినప్పుడు మెర్లిన్ ఎర్బ్‌బీ2, ఎర్బ్‌బీ3, ఐజీఎఫ్1 గ్రాహకం, పీడీజీఎఫ్ గ్రాహకం లాంటివి కణపొర మీద పేరుకోకుండా చూస్తుంది. 2009లో ఎలుక ష్వాన్ కణాల్లో, మనుషుల ష్వానోమాల్లో దీన్ని చూపించారు. మెర్లిన్ పోతే కణం మీద గ్రాహకాలు ఎక్కువవుతాయి, బయట ఉన్న అదే కొంచెం న్యూరెగ్యులిన్ పెద్ద సంకేతంగా మారుతుంది. మీ ప్రయోగంలో సంకేతం బలం కొలిచేటప్పుడు ఈ సంగతి మర్చిపోకండి. మెర్లిన్ తీసేసిన కణాల్లో ఏకేటీ (పెరుగుదల సంకేతాన్ని లోపలికి మోసే కైనేజ్) ఎక్కువ కనిపిస్తే, అది కిందున్న దారి మారడం వల్లా, పైనున్న గ్రాహకాలు పెరగడం వల్లా అన్నది విడదీయకుండా నిర్ణయానికి రాకూడదు. కణపొర ప్రోటీన్లకు బయోటిన్ అంటించి గ్రాహకాలు లెక్కచూస్తే ఒక్క రోజు పని, అనుమానం తీరుతుంది.

రెండోది హిప్పో మార్గం, అంటే కణాల పెరుగుదలకు కళ్లెం వేసే సంకేతాల గొలుసు. మెర్లిన్ లాట్స్ కైనేజులను కణపొర దగ్గరికి తెస్తుంది. అక్కడ అవి చురుకై, పెరుగుదల జన్యువులను నడిపే యాప్, టాజ్ అనే ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ పెడతాయి, దాంతో అవి కేంద్రకంలోకి వెళ్లలేవు. పండు ఈగలో మెర్లిన్ హిప్పోకు పైన ఉందని 2006లో తేలింది, లాట్స్‌ను కణపొర దగ్గరికి తేవడం 2013లో. మూడోది కేంద్రకంలో జరిగేది. ఫాస్ఫేట్ లేని మెర్లిన్ కేంద్రకంలోకి వెళ్లి డీసీఏఎఫ్1 ఉన్న ఒక ఈ3 లైగేజ్‌ను (ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించే ఎంజైమును) ఆపుతుందని 2010లో వచ్చింది. ఇవి కాక మెర్లిన్‌తో ముడిపడిన ఎంటార్‌సీ1, సీడీ44 లాంటి దారులు కూడా ఉన్నాయి. అన్నిటినీ ఒకే బొమ్మలో గీస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ, ఏ కణంలో ఏ స్థితిలో ఏది నడుస్తోందో ఆ బొమ్మ చెప్పదు.

యాప్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ష్వాన్ కణం ఇక్కడే మిగతా కణాలకన్నా భిన్నంగా ఉంటుంది. చాలా కణాల్లో యాప్ అంటే పెరుగుదల, అది లేకపోతే ప్రశాంతం అనుకుంటాం. ష్వాన్ కణానికి ఆక్సాన్ చుట్టూ మైలిన్ (కొవ్వు తొడుగు) చుట్టడానికి కూడా యాప్, టాజ్ కావాలి. 2016, 2017 పనుల్లో ష్వాన్ కణాల్లోంచి ఈ రెండూ తీసేస్తే, ఆక్సాన్లను ఒక్కొక్కటిగా విడదీసి పట్టుకునే దశ దగ్గరే అవి ఆగిపోయాయి. మరోవైపు మెర్లిన్ లేకపోతే యాప్ అతిగా పెరిగి, నరం తెగాక బాగుచేసే శక్తే పోతుంది. 2017లో ఎలుకల్లో చూశారు: ష్వాన్ కణాల్లో మెర్లిన్ లేని ఎలుకకు నరం నలిగితే ఆక్సాన్లు తిరిగి పెరగవు, అదే కణాల్లో యాప్‌ను కూడా తీసేస్తే మరమ్మతు మళ్లీ గాడిన పడుతుంది. కాబట్టి ఈ కణంలో మెర్లిన్ పని యాప్‌ను పూర్తిగా నొక్కేయడం కాదు, ఆ సమయానికి తగినంతే ఉంచడం. ‘ట్యూమర్ సప్రెసర్’ అన్న మాట విని కణితి ఒక్కటే ఆలోచిస్తే, మామూలు నరంలో ఇది చేసే రోజువారీ పని కనిపించకుండా పోతుంది.

ఇంతవరకూ స్థితి గురించి. మెర్లిన్ మొత్తం తగ్గే దారులు కూడా ఉన్నాయి, వాటిని తొందరగా చెప్పేస్తాను. ఏకేటీ మెర్లిన్ మీద 230వ థ్రియోనీన్, 315వ సెరీన్ దగ్గర ఫాస్ఫేట్లు పెడితే, అది యుబిక్విటిన్ తగిలించుకుని, ప్రోటీన్లను నాశనం చేసే ప్రోటియజోమ్‌కు వెళ్తుంది. కాల్పెయిన్ అనే ప్రోటియేజ్ దాన్ని ముక్కలు చేయగలదు. రోగుల్లో కనిపించే మిస్సెన్స్ (ఒక అమైనో ఆమ్లం మారిపోయే) మార్పుల్లో చాలావరకు ప్రోటీన్ పనిని పెద్దగా చెడగొట్టవని, దాన్ని నిలకడ లేకుండా చేసి తొందరగా నశింపజేస్తాయని 2011లో చూపించారు. ఇది నిజంగా ఆశ పుట్టించే విషయం. పనిచేయగల ప్రోటీన్ తయారై కూడా నిలవకపోవడమే సమస్య అయితే, దాన్ని నిలబెట్టే మందు కోసం వెతకడానికి అర్థం ఉంటుంది.

ఎన్‌ఎఫ్2 సంబంధ ష్వానోమటోసిస్ అని 2022లో పేరు మార్చిన జబ్బులో మాత్రం చాలామంది కణితుల్లో రెండు జన్యు ప్రతులూ పోయి ఉంటాయి. ఒక చెడ్డ ప్రతితో పుడతారు, రెండోది ఏదో ఒక ష్వాన్ కణంలో తర్వాత పోతుంది. వారసత్వం లేకుండా ఒక్క చెవి నరం మీద వచ్చే ష్వానోమాల్లో కూడా ఎక్కువ భాగం ఎన్‌ఎఫ్2 నష్టం వల్లనే. ఎలుకల్లో ష్వాన్ వంశపు కణాల్లో మాత్రమే ఎన్‌ఎఫ్2 తీసేసినా కణాలు అతిగా పెరగడం, ష్వానోమాలు రావడం 2000లోనే చూశారు. అయితే కణితికి ష్వాన్ కణంలోని లోపం ఒక్కటే చాలదనిపించే ఆధారాలు కూడా ఉన్నాయి. మెర్లిన్ తగ్గిన ఆక్సాన్ల మీద న్యూరెగ్యులిన్ తగ్గుతుందని 2014లో వచ్చింది. ఆక్సాన్ ఇచ్చే కబురు తప్పితే ష్వాన్ కణం దాని నుంచి విడిపోయి, గాయం తగిలినప్పటిలాగా మరమ్మతు స్థితికి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి రాలేకపోతుందన్న ఆలోచన నాకు బాగా నచ్చుతుంది. ప్లేటులో ఆక్సాన్ ఉండదు. మీరు పెంచుతున్న కణం నిజానికి నరం తెగిన తర్వాతి కణం లాంటిది. విశ్రాంతిగా ఆక్సాన్‌ను చుట్టుకుని ఉన్న పెద్ద ఎలుక ష్వాన్ కణంలో మెర్లిన్ ఎలా ఉంటుందో ఈ ప్లేటు మీకు చెప్పలేదు. వెన్ను పక్కనుండే డీఆర్‌జీ న్యూరాన్లతో కలిపి పెంచితే కొంత దగ్గరికి వస్తారు.

మీరు ‘సప్రెసర్లు’ అని బహువచనంలో అడిగారు కాబట్టి న్యూరోఫైబ్రోమిన్ గురించి కూడా ఒక మాట. ఇది 17వ క్రోమోజోమ్ మీది ఎన్‌ఎఫ్1 జన్యువుది. 2,800 అమైనో ఆమ్లాలకు పైగా ఉన్న పెద్ద ప్రోటీన్. రాస్ అనే పెరుగుదల సంకేత ప్రోటీన్ మీదున్న జీటీపీని విడగొట్టించి దాన్ని ఆపడం దీని పని. దీని అదుపు మెర్లిన్ లాంటిది కాదు. ఇక్కడ ప్రధాన దారి కూల్చివేత. పెరుగుదల సంకేతం తగిలిన కొన్ని నిమిషాల్లోనే న్యూరోఫైబ్రోమిన్ ప్రోటియజోమ్‌లో నశిస్తుంది, రాస్ పని మొదలయ్యాక మళ్లీ పేరుకుని దాన్ని ఆపుతుంది. 2003లో ఈ సంగతి వచ్చింది, ఆ కూల్చివేత వెనుక కల్3 లైగేజ్ ఉందని పదేళ్లకు తేలింది. న్యూరోఫైబ్రోమిన్‌ను కణపొర దగ్గరికి తెచ్చేది స్ప్రెడ్1 అనే ప్రోటీన్. కాబట్టి న్యూరోఫైబ్రోమిన్ చూడాలంటే నిమిషాల లెక్కన నమూనాలు తీయాలి, మొత్తం బ్యాండ్ ఎంతుందో చూడాలి. మెర్లిన్‌కు మొత్తం బ్యాండ్ చూసి తృప్తిపడితే ఏమీ తెలియదు. ఒకే కణంలో పనిచేసే రెండు సప్రెసర్లకు రెండు రకాల కొలతలు కావాలి.

ఇప్పుడు మీ ప్రయోగానికి వద్దాం. నేనైతే ఇలా చేస్తాను.

అన్నిటికన్నా ముందు కణాలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడండి. సయాటిక్ నరం నుంచి తీసిన కల్చర్‌లో ఫైబ్రోబ్లాస్టులు తప్పకుండా వస్తాయి, అవి ష్వాన్ కణాలకన్నా వేగంగా పెరుగుతాయి. ష్వాన్ కణాలను గుర్తుపట్టించే సాక్స్10, ఎస్100 రంగులు వేసి లెక్కపెట్టండి. ఫైబ్రోబ్లాస్టులు ఎక్కువుంటే వాటిని పట్టే థై1 యాంటీబాడీ, వాటిని చంపే కాంప్లిమెంట్ వాడి తీసేయండి. రెండు రకాల కణాలు కలిసి ఉన్న లైసేట్‌లో (కణాలను కరిగించిన ద్రవంలో) ఏ బ్యాండ్ ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

తర్వాత మీడియం. కణాలు నిండిన ప్లేట్లను నాలుగుగా విడదీయండి: ఫోర్‌స్కోలిన్, న్యూరెగ్యులిన్ రెండూ ఉన్నవి, ఒక్కొక్కటే ఉన్నవి, రెండూ లేనివి. ఒక రోజు ముందు నుంచి సీరం కూడా తీసేయండి. సీరంలో లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం ఉంటుంది, అది లాట్స్‌ను ఆపి యాప్‌ను కేంద్రకంలోకి పంపుతుంది. సీరం ఉంచి యాప్ చూస్తే మెర్లిన్ ప్రభావం దాని కింద మునిగిపోతుంది. ఇవే నాలుగు స్థితుల్ని పల్చగా వేసిన ప్లేట్లలో కూడా చేయాలి. రెండూ తీసేశాక, నిండిన ప్లేటులో 518 ఫాస్ఫేట్ తగ్గి, పల్చటి ప్లేటులో తగ్గకపోతే, పక్క కణాల ప్రభావం మీ కణాల్లో చక్కగా ఉన్నట్టే. రెండిట్లోనూ తగ్గితే మీరు ఇన్నాళ్లూ చూసింది మీడియం ప్రభావమే. రెండిట్లోనూ తగ్గకపోతే లామినిన్ వైపు చూడాలి.

లామినిన్ పరీక్షలో ఒక చిక్కు ఉంది. పాలీలైసీన్ మీద పెంచినా ష్వాన్ కణాలు తమ లామినిన్ తామే తయారుచేసుకుంటాయి. రోజులు గడిచేకొద్దీ రెండు పూతల మధ్య తేడా చెరిగిపోతుంది. కాబట్టి కణాలను లేపి మళ్లీ అంటించిన మొదటి గంటల్లోనే పోల్చండి. ఏ కైనేజ్ దారి నడుస్తోందో తేల్చడానికి ప్యాక్ నిరోధకం ఒక ప్లేటులో, పీకేఏ నిరోధకం మరో ప్లేటులో వాడండి. పీకేఏకు హెచ్89 ఒక్కదాన్నే నమ్మొద్దు, అది వేరే కైనేజులను కూడా తగులుతుంది. వేరే రకం నిరోధకం ఇంకొకటి పక్కన పెట్టండి.

ఇక బ్లాట్. చాలా ప్రయోగాలు చెడేది ఇక్కడే. ప్లేటును ఇంక్యుబేటర్‌లోంచి తీశాక బల్ల మీద పెట్టి మాట్లాడుతూ కూర్చుంటే ఫాస్ఫటేజులు తమ పని తాము చేసుకుపోతాయి. ప్లేటును నేరుగా ఐసు మీద పెట్టి, చల్లటి బఫర్‌తో ఒకసారి కడిగి, వెంటనే లైసిస్ బఫర్ పోయండి. అందులో ఫ్లోరైడ్, వనాడేట్ లాంటి ఫాస్ఫటేజ్ నిరోధకాలుండాలి. కాల్పెయిన్ కోయకుండా కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ, కాల్పెయిన్ నిరోధకం కూడా ఉండాలి. కాల్షియంతో పనిచేసే ప్రోటియేజ్ అది, లైసిస్ చేయగానే దానికి పండగే.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఫాస్ఫేట్ లేని మెర్లిన్ కణాస్థిపంజరానికి గట్టిగా అంటుకుని ఉంటుంది. ట్రైటాన్ అనే మెత్తటి డిటర్జెంటుతో లైసిస్ చేసి సెంట్రిఫ్యూజ్ తిప్పితే దానిలో చాలా భాగం అడుగున గుళికతో పోతుంది. మీరు పైన తేరిన ద్రవాన్ని మాత్రమే జెల్‌లో ఎక్కిస్తే, మిగిలింది ఎక్కువగా ఫాస్ఫేట్ ఉన్న మెర్లినే. కణాలు నిండాక ఫాస్ఫేట్ నిజంగానే ఊడినా, ఆ ఊడిన మెర్లిన్‌ను మీరు సింకులో పారబోసినట్టే. మీరు ఏ బఫర్ వాడారో చెప్పలేదు. ట్రైటాన్ అయితే నా మొదటి అనుమానం దీని మీదే, ఫోర్‌స్కోలిన్ కన్నా ముందు. గుళికను ఎస్‌డీఎస్ (గట్టి డిటర్జెంటు) బఫర్‌లో మరగబెట్టి, ద్రవం పక్కనే ఎక్కించి చూడండి. లేదా మొత్తం కణాలను నేరుగా వేడి ఎస్‌డీఎస్‌లో కరిగించండి.

జెల్ తక్కువ శాతంది తీసుకుని ఎక్కువసేపు నడపండి. 70 కిలోడాల్టన్ల దగ్గర మెర్లిన్ రెండు సన్నటి గీతలుగా విడిపోతుంది, పైది ఫాస్ఫేట్ ఉన్నది. ఒక లేన్‌లో లైసేట్‌ను లాంబ్డా ఫాస్ఫటేజ్‌తో కలిపి ఉంచింది ఎక్కిస్తే పై గీత మాయమవ్వాలి. మాయమవకపోతే మీరు చూస్తున్నది ఫాస్ఫేట్ కాదు. యాంటీబాడీ నమ్మకమైనదో కాదో తెలియాలంటే ఎన్‌ఎఫ్2ను సైలెన్స్ చేసిన కణాల లేన్ ఒకటి తప్పనిసరి. ఎజ్రిన్, మోయిసిన్ దాదాపు అదే పరిమాణంలో, అదే పోలికతో ఉంటాయి. వాటిని పట్టుకునే యాంటీబాడీతో నెలల తరబడి పని చేయడం కన్నా ఒక లేన్ ఎక్కువ వేసుకోవడం మేలు.

518వ సెరీన్‌ను అలనీన్‌గా మార్చిన మెర్లిన్‌ను (అక్కడ ఫాస్ఫేట్ పడలేని రూపాన్ని) వాడాలా అని కూడా అడిగారు. వాడండి, కానీ తక్కువ మోతాదులో. ఎక్కువ మోతాదులో ఏ రూపమైనా కణాన్ని ఆపేస్తుంది, అప్పుడు 518 గురించి ఏమీ తేలదు. సొంత మెర్లిన్ తీసేసిన కణాల్లో, సహజ స్థాయికి దగ్గరగా అలనీన్ రూపం, ఫాస్ఫేట్ ఉన్నట్టు నటించే ఆస్పార్టేట్ రూపం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే పోలిక నిలబడుతుంది.

మందుల గురించి మీ చివరి ప్రశ్న: ఫాస్ఫేట్ తీసేసే మందుతో ష్వానోమా తగ్గుతుందా? మెర్లిన్ అసలే లేని కణితిలో ఫాస్ఫేట్ తీయడానికి ప్రోటీనే ఉండదు. అయినా ప్యాక్ నిరోధకాలకు అక్కడ అర్థం ఉంది, ఎందుకంటే మెర్లిన్ పోయినప్పుడు అదుపు తప్పే వాటిలో ప్యాక్ ఒకటి. ఎలుక నమూనాల్లో ప్యాక్ నిరోధకం ఎన్‌ఎఫ్2 లేని ష్వాన్ కణాల పెరుగుదలను తగ్గించింది. రోగుల్లో ఇప్పటిదాకా వాడుతున్న వాటిలో బెవాసిజుమాబ్ రక్తనాళాల వైపు నుంచి పనిచేస్తుంది, కొందరిలో వినికిడి కూడా మెరుగైంది. 2024లో ఫలితాలొచ్చిన బ్రిగాటినిబ్ ఒకేసారి చాలా కైనేజులను, వాటిలో ఎఫ్‌ఏకేని కూడా ఆపుతుంది. ఎఫ్‌ఏకే ఇంటెగ్రిన్‌కూ పాక్సిలిన్‌కూ పక్కనే ఉండే కైనేజ్. ష్వాన్ కణంలో మెర్లిన్ కూర్చునేదీ అక్కడే కాబట్టి ఆ ఫలితం నాకు సబబుగానే అనిపించింది. మెర్లిన్ మిగిలి ఉండి నిలవలేకపోతున్న మిస్సెన్స్ రోగుల దారి వేరు, వాళ్లకు ప్రోటీన్‌ను నిలబెట్టే మార్గం వెతకాలి. ఏ కణితిలో మెర్లిన్ అసలు లేదు, ఎక్కడ ఉండి నిలవట్లేదు, ఎక్కడ ఉండి ఫాస్ఫేట్‌తో మూగబోయింది అన్నది విడదీయకుండా ఒకే మందు అందరికీ పరీక్షిస్తే, పనికొచ్చే మందు కూడా విఫలమైనట్టు కనిపించవచ్చు.

ముందు ఆ గుళికను ఎక్కించి చూసి, ఫలితం ఏమొచ్చిందో చెప్పండి. బఫర్ వివరాలు, ఫోర్‌స్కోలిన్ మోతాదు, కణాలు ఎన్నో పాసేజ్‌లో (ఎన్నోసారి కొత్త ప్లేటులోకి మార్చినవో) ఉన్నాయో కూడా రాయండి. పాసేజ్ బాగా పెరిగిన ఎలుక ష్వాన్ కణాలు కొన్నిసార్లు ఫోర్‌స్కోలిన్ లేకుండానే పెరగడం మొదలుపెడతాయి. అలాంటి కణాలైతే పైన చెప్పిన నాలుగు ప్లేట్ల ప్రయోగాన్ని తక్కువ పాసేజ్ కణాలతో మళ్లీ చేయాల్సిందే.